సెక్షన్ 1, వాయవ్య క్వార్టర్: కాన్సాస్‌లో నికోడెమస్ పుట్టిన కథ

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న వాళ్ళలో చాలామంది కాన్సాస్ సిటీ నుంచి డెన్వర్‌కి ఐ-70 మీద కారులో వెళ్ళే ఉంటారు. సలైనా దాటాక ఇంకేముంటుంది, గడ్డి, గోధుమ చేలు, గాలి మరలు అని ఆగకుండా లాగించేస్తాం. ఆ రోడ్డుకి ఉత్తరాన, గ్రాహమ్ కౌంటీలో, నికోడెమస్ అనే చిన్న ఊరుంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు 1877లో వచ్చి కట్టుకున్న ఊరు అది. అంతర్యుద్ధం ముగిశాక నల్లవాళ్ళు మిసిసిపీ నదికి పడమటన కట్టుకున్న ఊళ్ళలో ఇప్పటికీ మిగిలి ఉన్న వాటిలో ఇదే అన్నిటికన్నా పాతది. ఈ ఊరిని స్థాపించినది ఎవరు అని అడిగితే మామూలుగా ఊరి స్థలాలు అమ్మిన టౌన్ కంపెనీ పెట్టినవాళ్ళ పేర్లు చెప్తారు. నా లెక్కలో మాత్రం మొదటి చలికాలం నేలలో గుంత తవ్వుకుని బతికినవాళ్ళే దాని స్థాపకులు.

ముందు టౌన్‌షిప్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే అది తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. 1785లో అమెరికా ప్రభుత్వం పడమటి భూములన్నిటినీ చదరపు గళ్ళుగా కొలవాలని చట్టం చేసింది. ఆరు మైళ్ళు పొడవు, ఆరు మైళ్ళు వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, దాన్ని నాలుగు చేస్తే ఒక్కో క్వార్టర్ 160 ఎకరాలు. మన ఊళ్ళలో పొలానికి సర్వే నంబరు ఉన్నట్టే ఇది కూడా, కాకపోతే మన దగ్గర ముందు ఊరుంది, తర్వాత నంబరు వచ్చింది, అక్కడ మనిషి అడుగు పెట్టకముందే నంబరు వేసేశారు. మనిషి అంటే కొత్తగా వచ్చి స్థిరపడేవాడు అని నా ఉద్దేశం, ఎందుకంటే ఆ మైదానాలు ఖాళీగా ఏమీ లేవు. పానీ, కాన్సా, షయాన్ జాతులవాళ్ళు తరతరాలుగా అడవి దున్నలను వేటాడిన నేల అది. 1867లో మెడిసిన్ లాడ్జ్ ఒప్పందాలతో దక్షిణ షయాన్, అరాపహో వాళ్ళని కాన్సాస్ నుంచి బయటికి నెట్టారు. పదేళ్ళు తిరిగేసరికి అదే నేలను పంచిపెట్టడం మొదలైంది. ఈ సంగతి చెప్పకుండా స్థిరనివాసుల చరిత్ర చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం కొద్దిపాటి ఫీజు కట్టి, ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు, అంటే ఒక క్వార్టర్, మన పేరు మీదకి వచ్చేది. కెంటకీలో వేరేవాళ్ళ పొలంలో పాలికి చేసుకుంటూ ఏడాది తిరిగేసరికి అప్పే మిగిలే మనిషికి ఈ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. పైగా 1877 అంటే దక్షిణాది నుంచి ఫెడరల్ ప్రభుత్వం చేతులు దులుపుకున్న ఏడాది. రాత్రిపూట ముసుగులేసుకుని వచ్చి కొట్టేవాళ్ళకి, ఇళ్ళు తగలబెట్టేవాళ్ళకి అడ్డు చెప్పేవాడు లేకుండా పోయాడు.

సరిగ్గా ఆ ఏడాదే నికోడెమస్ టౌన్ కంపెనీ పుట్టింది. డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే నల్లజాతి మతబోధకుడు దానికి అధ్యక్షుడు, ఎస్. పి. రౌండ్‌ట్రీ అనే మరో మతబోధకుడు కార్యదర్శి, డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్లవాడు మేనేజరు. 1877 జూలై 2 తేదీతో వాళ్ళు వేసిన కరపత్రం ఇప్పటికీ ఉంది. అమెరికాలోని నల్లజాతి పౌరులందరికీ అని మొదలవుతుంది. ఊరు ఎక్కడో సరిగ్గా రాశారు: సెక్షన్ 1, వాయవ్య క్వార్టర్, టౌన్ 8, రేంజ్ 21 (అంటే టౌన్‌షిప్ గళ్ళలో అడ్డవరస, నిలువువరస నంబర్లు), రాష్ట్ర రాజధాని టొపీకాకి పడమట 240 మైళ్ళు. నేల నల్లటి సారవంతమైన ఇసుక నేలట, నది నిండా మంచి నీళ్ళట, వంటచెరుకుకి సరిపడా చెట్లున్నాయట, ఇల్లు కట్టుకోవడానికి మెత్తటి రాయి ఉందట, బొగ్గు కూడా దొరుకుతుందని నమ్మకమట. ఇందులో రాయి సంగతి నిజం. ఆ సున్నపురాయితోనే తర్వాత చర్చి కట్టారు, హోటలు కట్టారు. చెట్లు మాత్రం ఎక్కడో వాగు పక్కన నాలుగు తప్ప లేవు. బొగ్గు దొరకనే లేదు.

కెంటకీలో లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ చుట్టుపక్కల నుంచి సుమారు 300 మంది రైలెక్కి ఎల్లిస్ స్టేషన్‌లో దిగారు. అక్కడి నుంచి 35 మైళ్ళకి పైగా నడక, సామాను మోసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుని. చేరింది ఎప్పుడనుకున్నారు? సెప్టెంబరులో. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పంట వేసే అదను దాటిపోయింది, నవంబరుకల్లా మంచు పడుతుంది, తెచ్చుకున్న తిండి ఎంతకాలం వస్తుంది? చేరినవాళ్ళకి అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు, కాగితం మీద గీసిన వీధులు మాత్రం ఉన్నాయి. హిల్ మీద వాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. కొందరు వెంటనే వెనక్కి తిరిగారు. తిరిగి వెళ్ళడానికి డబ్బుల్లేనివాళ్ళు, వెళ్ళకూడదని పట్టుబట్టినవాళ్ళు ఉండిపోయారు.

ఉండిపోయినవాళ్ళు ఏం చేశారంటే, గట్టు పక్కన నేలను తవ్వి, ముందువైపు మట్టిగడ్డలు పేర్చి గోడ కట్టి, పైన కొమ్మలు, గడ్డి, మన్ను వేసి కప్పు దింపారు. వీటిని డగౌట్‌లు అంటారు. లోపల ఒక పొయ్యి, దాని పొగ పోవడానికి ఒక గొట్టం. కట్టెలు లేవు కాబట్టి పొద్దుతిరుగుడు కాడలు, ఎండిన పేడ ఏరుకొచ్చి కాల్చుకున్నారు. పిడకల మీద వండిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కానీ చలిమంటకి కూడా అదే దిక్కు అంటే, అదీ కాన్సాస్ చలిలో, అది వేరే సంగతి. ఆ అక్టోబరులోనే అక్కడ మొదటి బిడ్డ పుట్టాడు. తల్లి పేరు ఎమ్మా విలియమ్స్, బిడ్డ పేరు హెన్రీ.

ఆ చలికాలం తిండి అయిపోయినప్పుడు, వేట నుంచి తిరిగి వెళుతున్న ఓసేజ్ జాతివాళ్ళు తమ మాంసంలో కొంత వీళ్ళకి ఇచ్చి వెళ్ళారని ఆ ఊరి కుటుంబాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. వాళ్ళనీ కాన్సాస్ నుంచి పంపేసి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. సొంత నేల పోగొట్టుకున్నవాళ్ళు, ఎప్పుడూ సొంత నేల అనేది లేనివాళ్ళకి అన్నం పెట్టారు. తూర్పు కాన్సాస్ ఊళ్ళ నుంచి కూడా సాయం వచ్చింది, ఇంకా రావలసింది కూడా, కానీ 1879లో ఇక దానాలు అడగకూడదని వీళ్ళే తీర్మానించుకున్నారు.

1878 వసంతంలో డేనియల్ హిక్‌మన్ అనే మతబోధకుడు జార్జ్‌టౌన్ నుంచి మరో గుంపుని తీసుకొచ్చాడు. ఆయన భార్య విలియానా హిక్‌మన్ ముసలితనంలో ఆ ప్రయాణం గురించి చెప్పిన మాటలు అచ్చయ్యాయి. ఎల్లిస్‌లో దిగగానే పిల్లలకి తట్టు సోకింది, కొందరు చనిపోయారు. తేరుకుని బండ్ల మీద బయల్దేరితే రోడ్డు లేదు, దిక్సూచి చూసుకుంటూ రెండు రోజులు వెళ్ళారు. రాత్రుళ్ళు మంటలు వేసుకుని, జంతువులు రాకుండా తుపాకులు పేల్చుకుంటూ కూర్చున్నారు. చివరికి ఎవరో "అదిగో నికోడెమస్" అని అరిచారు. ఆమె ఎంత చూసినా ఏమీ కనబడలేదు, ఏదీ అని అడిగింది. నేలలోంచి అక్కడక్కడా లేస్తున్న పొగ చూపించి, అదే నికోడెమస్ అన్నాడు భర్త. ఆమెకి ఏడుపొచ్చేసింది. ఆ ఏడ్చిన మనిషే ఇరవై ఏళ్ళకి పైగా ఆ కౌంటీలోనే ఉండి కాపురం చేసింది.

నాగళ్ళు, గుర్రాలు ఉన్నవాళ్ళు ఎక్కడో ఒకరు. ఆ గడ్డి వేళ్ళు ఎంత మందంగా అల్లుకుని ఉంటాయంటే మామూలు నాగలికే లొంగదు, దాన్ని పారలతో, పలుగులతో తిరగేశారు. మగవాళ్ళు చాలామంది రైల్వే పనులకి, దూరపు పొలాల్లో కూలికి వెళ్ళి డబ్బు పంపేవాళ్ళు. హోమ్‌స్టెడ్ చట్టానికి ఎవరో ఒకరు భూమి మీద కాపురం ఉండాలి కదా, ఆ ఉండటం ఆడవాళ్ళ వంతయింది. జెనీ ఫ్లెచర్ పిల్లలకి చదువు చెప్పింది, ఊళ్ళో మొదటి టీచరు ఆమే. ఆమె భర్త జాకరీ ఫ్లెచర్ మొదటి పోస్టుమాస్టరు, తర్వాత సెయింట్ ఫ్రాన్సిస్ హోటలు నడిపాడు. 1880 నాటికి టౌన్‌షిప్‌లో 258 మంది నల్లవాళ్ళు, 58 మంది తెల్లవాళ్ళు ఉన్నారు. 1878లో అక్కడికి వచ్చిన ఎడ్విన్ మెకేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. ఒక నల్లవాడు రాష్ట్రమంతటి ఓట్లతో గెలిచి పదవిలో కూర్చోవడం కాన్సాస్‌లో అదే మొదలు.

1880ల నడిమికి రెండు వార్తాపత్రికలు, బ్యాంకు, దుకాణాలు, చర్చిలు, అన్నీ వచ్చాయి. రాని ఒక్కటి రైలు. మిసోరి పసిఫిక్ కంపెనీని రప్పించడానికి 1887లో ఊరివాళ్ళు 16,000 డాలర్ల బాండ్లకి ఓటేశారు. అది రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వాళ్ళు సాలమన్ నదికి అవతలి ఒడ్డున పట్టాలు వేశారు, కొద్ది మైళ్ళ దూరంలో బోగ్ అనే ఊరు లేచింది. దుకాణాలవాళ్ళు సామాను బండ్లకెక్కించుకుని నది దాటేశారు. గుంతల్లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టుకున్న బజారు కొద్ది నెలల్లో ఖాళీ అయింది. ఆ కాలపు మధ్య పశ్చిమంలో ఇలాంటి కథలు చాలానే ఉన్నాయి, రైలు తప్పిన ఊళ్ళు చాలావరకు పూర్తిగా చెరిగిపోయాయి.

ఇది చెరిగిపోలేదు. ఎందుకంటే బజారు పోయినా క్వార్టర్లు వాళ్ళ పేరు మీదే ఉన్నాయి. రైతులు ఎక్కడికీ కదలలేదు. 1930లలో దుమ్ము తుఫాన్లు, కరువు వచ్చినప్పుడు మాత్రం చాలా కుటుంబాలు వెళ్ళిపోయాయి. 1953లో పోస్టాఫీసు మూతపడింది, 1960లో బడి. ఇప్పుడు ఊళ్ళో ఉండేది కొద్దిమందే. 1996లో దీన్ని జాతీయ చారిత్రక ప్రదేశంగా ప్రకటించారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: ఐ-70 మీద వకీనీ దగ్గర దిగి, 283 హైవే పట్టుకుని ఉత్తరానికి వెళితే హిల్ సిటీ వస్తుంది. అవును, ఆ హిల్ పేరు మీదే, ఇప్పుడు కౌంటీ కేంద్రం అదే. అక్కడ 24 హైవే మీద తూర్పుకి తిరిగితే నికోడెమస్. సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాలు ఉంటుంది, ముందు అక్కడికే వెళ్ళండి. పాత చర్చిలు రెండు, ఫ్లెచర్ హోటలు, 1918లో కట్టిన బడి, అన్నీ నడిచి చూసే దూరంలోనే. వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయిన రోజు గుర్తుగా వాళ్ళు మొదలుపెట్టిన పండుగ ఇప్పుడు హోమ్‌కమింగ్ పేరుతో జూలై ఆఖరి వారాంతంలో జరుగుతుంది, దేశం నలుమూలల నుంచి ఆ కుటుంబాలవాళ్ళు వస్తారు. వీలైతే ఆ రోజుల్లోనే వెళ్ళండి, పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ నోటే వినొచ్చు. ఎండ బాగా ఉంటుంది, పెట్రోలు, నీళ్ళు హిల్ సిటీలోనే చూసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.