నిండిన చెరువులో నీళ్లెన్ని? ల్యాప్‌టాప్ బ్యాటరీ లెక్క

అందరికీ నమస్కారం.

పోయిన నెల మహబూబ్‌నగర్‌లో కాచిగూడ రైలు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. బ్యాటరీ గుర్తు మీద మౌస్ పెడితే 4 గంటల 10 నిమిషాలు అని చూపించింది. నిశ్చింతగా ఒక పీడీఎఫ్ చదువుకుంటున్నాను. జడ్చర్ల దాటాక మా విద్యార్థిని ఒకమ్మాయి ప్రాజెక్ట్ చూపిస్తానని వీడియో కాల్ చేసింది. పది నిమిషాలైన తర్వాత చూస్తే గంటన్నరే ఉంది. ఆ అమ్మాయి ఇంకా రెండో చాప్టర్‌లోనే ఉంది, నాకు టెన్షన్. నా కెమెరా ఆపేశాను, స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించాను, వెనక తెరిచి ఉన్న ట్యాబులు మూసేశాను. షాద్‌నగర్ వచ్చేసరికి అదే అంకె మళ్లీ రెండు గంటలు దాటింది. రైలు ముందుకు పోతుంటే బ్యాటరీ టైమ్ పెరిగింది!

ఇందులో వింత ఏమీ లేదు. ఆ గంటలు బ్యాటరీకి తెలిసిన విషయం కాదు, ఒక భాగహారం. మిగిలిన శక్తిని ఇప్పుడు ఖర్చవుతున్న వేగంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. ల్యాప్‌టాప్ బ్యాటరీని వాట్-అవర్లలో కొలుస్తారు. ఒక వాట్ చొప్పున గంట సేపు ఖర్చయ్యే శక్తి ఒక వాట్-అవర్. 48 వాట్-అవర్ల బ్యాటరీ అనుకోండి. చదువుకుంటున్నప్పుడు 6 వాట్లు ఖర్చయితే 8 గంటలు వస్తుంది. వీడియో కాల్‌లో 16 వాట్లు లాగితే 3 గంటలే. గేమ్ పెట్టి 32 వాట్లు లాగితే గంటన్నర. బ్యాటరీ అదే, మనం తెరిచిన తూములు వేరు. మనం తర్వాత ఏం పని చేస్తామో సిస్టమ్‌కు తెలియదు, ఇప్పటి ఖర్చే చివరిదాకా ఉంటుందనుకుని లెక్క కడుతుంది. అంకె ఇట్లా ఎగిరి దూకుతుంటుంది కాబట్టే ఆపిల్ 2016 డిసెంబర్‌లో మాక్ మెనూలోంచి మిగిలిన టైమ్‌ను తీసేసి శాతం మాత్రం ఉంచింది. డబ్బా మీద కంపెనీ రాసే గంటలు కూడా సాధారణంగా తక్కువ వెలుతురులో, తేలికపాటి పని మీద కొలిచినవే. మన వాడకంతో వాటికి పొంతన తక్కువ.

ఇక శాతం సంగతి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, నేనూ మోసపోయాను. మా అన్న కూతురి చదువు కోసం ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు కొట్టతను నూరు శాతం చూపించాడు, నేను నమ్మాను. ఇంటికి తెస్తే గంట కూడా ఆగలేదు. మన పాలమూరు చెరువుల్ని తలుచుకోండి. అలుగు దాకా నీళ్లొస్తే చెరువు నిండింది అంటాం. కానీ అడుగున మూడు గజాల పూడిక ఉంటే? చూడటానికి అదే నిండు చెరువు, తూము తీస్తే నెల రోజుల్లో ఖాళీ. శాతం అంటే అలుగు గుర్తు లాంటిది. బ్యాటరీ ఇప్పుడు పట్టగలిగినంతలో ఎంత నిండిందో చెబుతుంది, కొత్తగా ఉన్నప్పుడు ఎంత పట్టేదో చెప్పదు. చెరువు పూడికనైనా ట్రాక్టర్లు పెట్టి తీస్తాం, బ్యాటరీ పూడికను తీయలేం.

కానీ కొలవచ్చు. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొట్టండి. నల్ల కిటికీ వస్తుంది. అందులో పవర్ అన్న మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు అంటించి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని రెండు మాటలూ కలిపి రాసి ఎంటర్ కొట్టండి. ఒక ఫైలు తయారై, అది ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి.

ఇందాక ముందు బెంచీ తమ్ముడు "సార్, నూరు చూపిస్తది గానీ గంటన్నర గూడ ఆగుతలేదు" అన్నాడు. అతని రిపోర్ట్ ఇదిగో తెర మీద ఉంది. డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో పట్టేది, 41,000 ఉంది. దాని కింద ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు పట్టేది, 23,400. ఇవి మిల్లీ వాట్-అవర్లు, వెయ్యి కలిస్తే ఒక వాట్-అవర్. అంటే పుట్టినప్పటి బలంలో 57 శాతమే మిగిలింది. 15 వాట్లు ఖర్చయ్యే పనికి కొత్తలో రెండు గంటల నలభై నిమిషాలు వచ్చేది, ఇప్పుడు గంటన్నర. తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు డబ్బులివ్వక ముందే ఈ రెండు అంకెలు చూడండి.

కొందరికి 18 శాతం దగ్గర ఉన్నట్టుండి ఆఫ్ అవుతుంది. లోపలి కొలత గతి తప్పి ఉండొచ్చు. ఒకసారి నిండా ఛార్జ్ చేసి, దాదాపు ఆఫ్ అయ్యేదాకా వాడి, మళ్లీ నిండా పెడితే కొలత సర్దుకోవచ్చు. రోజూ మాత్రం ఇట్లా ఖాళీ చేయకండి. పాత నికెల్ బ్యాటరీల కాలం నాటి అలవాటు అది. ఇప్పటి లిథియం-అయాన్‌కు అవసరం లేదు, పైగా చేటు.

టైమ్ పెంచాలంటే మొదట చేయి వేయాల్సింది స్క్రీన్ వెలుతురు మీద. మామూలు పనుల్లో పెద్ద తిండిపోతు అదే. తర్వాత బ్రౌజర్, ముఖ్యంగా తనంతట తానే ఆడే వీడియోలు. 120 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే తెర ఉంటే 60కి తగ్గించండి. ఖర్చు తగ్గించే బ్యాటరీ సేవర్ సెట్టింగ్‌ను చివరి నిమిషం కోసం దాచుకోకుండా ప్రయాణం మొదట్లోనే వేయండి. బ్లూటూత్ ఆపడం వల్ల ఒరిగేది చాలా కొంచెం.

ఆయుష్షు పెంచాలంటే మన దగ్గర అసలు శత్రువు ఎండ. మే నెలలో కారులో వదిలేసిన ల్యాప్‌టాప్, పరుపు మీద పెట్టడంతో గాలి మూసుకుపోయిన ల్యాప్‌టాప్, ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి నూరు శాతం మీద వేడెక్కే ల్యాప్‌టాప్, మూడూ తొందరగా ముసలివవుతాయి. చాలా మోడళ్లలో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది. టేబుల్ మీదే వాడేవాళ్లు అది వేసుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా అది బ్యాటరీ ఉబ్బడం కావచ్చు. వెంటనే ఛార్జర్ తీసేయండి, వాడకం ఆపండి. నొక్కి సరిచేద్దామని, గుచ్చి గాలి తీద్దామని చూడకండి, మంటలు అంటుకోవచ్చు. తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వండి.

ఇప్పుడు మీ మీ ల్యాప్‌టాప్‌లు తెరవండి. అడాప్టర్ తీసి, రిపోర్ట్ తెప్పించి, ఆ రెండు అంకెలు నోట్‌బుక్‌లో రాయండి. కిటికీ వైపు వరుసతో మొదలుపెడదాం. అమ్మా, నీది ఎంత వచ్చింది?