పదిహేను గ్రాముల ట్యూబుకు ధర ఎక్కడ పుడుతుంది?

అందరికీ నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే హైదరాబాదులో తామర బాధితులు పెరుగుతారు. రెయిన్‌కోటు లోపల చెమటతో తడిసి తిరిగే డెలివరీ కుర్రాళ్లు, తడిసిన యూనిఫారం ఒంటిమీదే ఆరబెట్టుకునే వాచ్‌మన్లు, ఒకే తువ్వాలు పంచుకునే హాస్టల్ పిల్లలు. మందుల దుకాణంలో వీళ్లు అడిగేది ఒక్కటే: "దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వండి." ఆ ట్యూబు ధరను ఏవి నిర్ణయిస్తాయో ఈరోజు మాట్లాడుకుందాం.

తామర తెచ్చే ఫంగస్‌ను చంపే క్లోట్రిమజోల్ క్రీమునే తీసుకోండి. 1960ల చివర్లో బేయర్ కంపెనీ పరిశోధకులు కనిపెట్టిన మందు. పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. 15 గ్రాముల ట్యూబులో 1 శాతం అంటే అసలు మందు 150 మిల్లీగ్రాములు. కిలో ముడిమందుతో 6,600కు పైగా ట్యూబులు నింపవచ్చు. మిగతాదంతా పారఫిన్, మైనం లాంటి పదార్థాలు, శుద్ధి చేసిన నీరు, పాడవకుండా కలిపే కొద్దిపాటి రసాయనం. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ కాలం నుంచి ముడిమందులు తయారుచేస్తున్న నగరం మనది. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఎవరిని అడిగినా, ధరలో ఈ 150 మిల్లీగ్రాముల వాటా ఎంత స్వల్పమో చెబుతారు.

మరి మిగతా ధర ఎక్కడిది? 1995 నాటి కేంద్ర ప్రభుత్వ మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు తయారీ ఖర్చు లెక్కగట్టి, దానిపై ఒక పరిమితి వరకే కలపనిచ్చేది. 2013 ఉత్తర్వు ఆ దారి వదిలేసింది. అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్న మందు అయితే, మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్లు దుకాణాలకు ఏ ధరకు ఇస్తున్నాయో చూసి, సగటు తీసి, 16 శాతం దుకాణదారు లాభం కలుపుతారు. అదే గరిష్ఠ ధర. ఆపైన జీఎస్టీ, 2025 సెప్టెంబరులో మందులపై అది 12 నుంచి 5 శాతానికి తగ్గింది. తయారీకి ఎంతయిందని ఇందులో ఎవరూ అడగరు. ఖరీదైన బ్రాండ్లు ఎక్కువగా ఉంటే సగటు కూడా పైకే పోతుంది. నా అభ్యంతరమల్లా ఇక్కడే. పేదవాడి ఒంటిమీది తామరకు వాడే పాత మందుకైనా అసలు ఖర్చు లెక్క జనం ముందు పెట్టాలి.

జాబితాలో లేని మందుకు ఈ మాత్రం కట్టడి కూడా లేదు. మొదటి ధర చాలావరకు కంపెనీ ఇష్టం. ఆ తర్వాత ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు. క్లోట్రిమజోల్‌కు మరో మందు కలిపిన ట్యూబుకు, విడి క్రీముకు పెట్టిన గరిష్ఠ ధర వర్తించదు. అలా కలిపే వాటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది స్టెరాయిడ్. రాసిన రెండు రోజులకే దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది. లోపల ఫంగస్ మాత్రం చక్కగా పాకుతూనే ఉంటుంది. రూపాయి గుండ్రంలో ఉన్న మచ్చ నడుమంతా చుట్టేశాక, నెలల తరబడి మాత్రలు, డాక్టరు ఫీజులు, పోయిన కూలి. ఆ ట్యూబు అసలు ధర ఇదీ, అట్టపెట్టెమీద ముద్రించినది కాదు. చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన బిగించారు. అయినా కౌంటరు మీద అడిగితే ఇస్తున్న దుకాణాలు ఇంకా ఉన్నాయి.

కాబట్టి ట్యూబు చేతిలోకి తీసుకోగానే బ్రాండు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. చివర "సోన్" అని కానీ, క్లోబెటసోల్ అని కానీ కనిపిస్తే అది స్టెరాయిడ్, డాక్టరును అడగకుండా రాసుకోవద్దు. ఆపైన ధరను గ్రాములతో భాగించండి. 10 గ్రాముల ట్యూబు చౌకగా కనిపించినా లెక్కలో 30 గ్రాములదే నయం కావచ్చు. జన ఔషధి కేంద్రంలో అదే మందు ధర అడగండి. దుకాణంలో ధరల పట్టిక కనిపించేలా పెట్టడం చట్టం ప్రకారం తప్పనిసరి, చూపించమనండి. మందుల ధరలు చూసే ప్రభుత్వ సంస్థ పెట్టిన "ఫార్మా సహీ దామ్" యాప్‌లో మందు పేరు కొడితే దాని ధర మీ ఫోనులోనే కనిపిస్తుంది.