‘దిగమింగి’ అన్న మాట నేనే రాశాను

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు ‘క్రీడాకారులు - విలువలు’ అని అంశం ఇచ్చారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదని ముందే చెప్పేశాను. పత్రికలో స్పోర్ట్స్ డెస్క్ మీద ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసినవాణ్ని. నాకు తెలిసిందల్లా స్కోర్లు, హెడ్డింగులు. అందుకని ఈ సాయంత్రం ఒకే ఒక్క మాట గురించి చెప్పి కూర్చుంటాను. ఆ మాట ‘దిగమింగి’.

2020 నవంబరు 20, శుక్రవారం. హైదరాబాద్‌లో మహమ్మద్ గౌస్ గారు చనిపోయారు. ఊపిరితిత్తుల జబ్బు. 53 ఏళ్లు. అదేం పోయే వయసు కాదు. ఆటో నడిపి ఇంటిని లాక్కొచ్చిన మనిషి. ఆయన కొడుకు, ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ ఆ రోజు సిడ్నీలో ఉన్నాడు. భారత క్రికెట్ జట్టు అక్కడ దిగి వారం దాటింది, ఇంకా 14 రోజుల కరోనా క్వారంటైన్ పూర్తి కాలేదు. హోటల్, గ్రౌండ్, మళ్లీ హోటల్. ప్రాక్టీస్ అయి తిరిగొచ్చాక కోచ్ రవిశాస్త్రి, కెప్టెన్ కోహ్లి ఆ కబురు చెప్పారు.

మర్నాడు బీసీసీఐ ప్రకటన వచ్చింది. ఇంటికి వెళ్లే అవకాశం ఇచ్చామని, సిరాజ్ జట్టుతోనే ఉండిపోతానన్నాడని దాని సారాంశం. ఆ కాపీ నా టేబుల్ మీదికే వచ్చింది. నేను పెట్టిన హెడ్డింగ్ ఇది: ‘దుఃఖాన్ని దిగమింగి... దేశం కోసం!’ మధ్యలో మూడు చుక్కలూ, చివర ఆశ్చర్యార్థకమూ కూడా నావే. పక్క సీటాయన భలే ఉందన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

ఆ హెడ్డింగ్ తప్పని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. తెలియజెప్పింది సిరాజే. విలేఖరులతో కొంత, ఒక ఇంగ్లీషు పత్రికతో కొంత, తర్వాత బెంగళూరు ఐపీఎల్ జట్టు పాడ్‌కాస్ట్‌లో ఎక్కువగా, తన తండ్రి గురించి అతను దాచుకోకుండా మాట్లాడాడు. ఆ పాడ్‌కాస్ట్ నేను ఒక రాత్రి ఇంట్లో పడుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. విన్నాక లేచి కూర్చున్నాను.

అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క చెబుతాను. క్వారంటైన్‌లో ఒకరి గదిలోకి ఒకరు వెళ్లడానికి లేదు. వీడియో కాల్సే దిక్కు. ఫీల్డింగ్ కోచ్ శ్రీధర్ తరచూ ఫోన్ చేసి ఎలా ఉన్నావు, ఏం తిన్నావు అని అడిగేవారట. కాబోయే భార్య కూడా ఫోన్‌లో మాట్లాడేది. ఫోన్‌లో మాత్రం తానెప్పుడూ ఏడవలేదన్నాడు. గదిలో ఒక్కడే ఏడ్చి, ఆ తర్వాత ఫోన్ చేసేవాడట.

ముందు ఏడుపు, తర్వాత ఫోన్. దిగమింగడం ఎక్కడుంది ఇందులో?

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. 2021లో ఒక ఇంగ్లీషు పత్రికతో మాట్లాడుతూ, తాను హోటల్ గదిలో ఏడుస్తుంటే కోహ్లి గదికొచ్చి గట్టిగా హత్తుకుని ‘నేనున్నాను’ అన్నాడని చెప్పాడు. పాడ్‌కాస్ట్‌కి వచ్చేసరికి ఎవరూ ఎవరి గదికీ వెళ్లే వీల్లేదన్నాడు. డెస్క్ మనిషిని కదా, వెంటనే ఎర్రపెన్ను తీయబోయాను. తీసి ఆగిపోయాను. మా నాన్న పోయిన రోజు ఎవరెవరు వచ్చారని నన్నడిగితే, రాని ఇద్దరి పేర్లు కలిపి చెప్పి, రాత్రంతా నా పక్కనే కూర్చున్న మా బావ పేరు మర్చిపోతాను. ఆ రోజుల జ్ఞాపకాలు అలాగే ఉంటాయి. అందులో ఏది ఏ తేదీనాటిదో సరిచూసే పని నేను పెట్టుకోలేదు.

సరే, అసలు ఆ తండ్రీకొడుకుల సంగతేమిటో చెప్పాలి. అది తెలియకపోతే సిడ్నీలో ఉండిపోవడం అర్థం కాదు.

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు. సిరాజ్ గల్లీల్లో టెన్నిస్ బంతితో పెరిగాడు. అకాడమీ గికాడమీ ఏమీ లేదు. ఆటతో తొలి సంపాదన 500 రూపాయలు. మేనమామ కెప్టెన్‌గా ఉన్న క్లబ్ మ్యాచ్‌లో 20 పరుగులిచ్చి 9 వికెట్లు తీస్తే, ఆ మామే జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆటో మీద వచ్చేది ఇంటికే చాలదు. అయినా అందులోంచే కొడుకు బండికి పెట్రోలు డబ్బులు తీసిచ్చేవారు గౌస్ గారు. మీలో ఆటో నడిపేవాళ్లు, నడిపినవాళ్ల పిల్లలు ఉంటే ఆ లెక్క మీకు తెలుస్తుంది. రోజు గిరాకీలోంచి గ్యాస్ పోను, రిపేర్లు పోను మిగిలిన నోట్లలో ఒకటి పక్కకు తీయడమంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

2016-17 రంజీ సీజన్‌లో, అంటే రాష్ట్ర జట్ల మధ్య జరిగే దేశవాళీ టోర్నీలో, హైదరాబాద్ తరఫున 41 వికెట్లు. ఆ వెంటనే 2017 ఐపీఎల్ వేలంలో 20 లక్షల కనీస ధర ఉన్న కుర్రాణ్ని హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు తీసుకుంది. ఆ రోజు కొడుకు తండ్రికి చెప్పిన మొదటి మాట, ఇక మీరు పనికి వెళ్లొద్దు, రెస్ట్ తీసుకోండి అని. అప్పుడతనికి 23 నిండలేదు. తండ్రి చేత ఆటో మాన్పించడం అతనికి తొలి వికెట్ కంటే పెద్ద సంగతని నా అనుమానం.

ఆ ఆటోనే తర్వాత తిట్టుగా మారింది. 2019 ఐపీఎల్‌లో, అప్పటికి బెంగళూరుకు మారాడు, కోల్‌కతాతో మ్యాచ్‌లో రెండు ఓవర్లు దాటాయో లేదో 36 పరుగులు ఇచ్చాడు. రెండు బీమర్లు, అంటే నేల తాకకుండా నడుము కంటే ఎత్తులో వెళ్లే బంతులు, పడటంతో ఓవర్ మధ్యలోనే బంతి ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చింది. ‘క్రికెట్ వదిలేసి పోయి మీ నాన్నతో ఆటో నడుపుకో’ అని జనం రాశారు. ఈ మాట సిరాజే చెప్పాడు, దాచలేదు. ఎవరు ఏం రాసినా పట్టించుకోవద్దని, ఇవాళ పొగిడినవాళ్లే రేపు తిడతారని ధోనీ చెప్పిన సంగతి కూడా చెప్పాడు. నాకు మాత్రం ఒకటే అనిపించింది. ఆ రాసినవాళ్లలో ఎంతమంది అదే రోజు ఆటో ఎక్కి ఆఫీసుకెళ్లి ఉంటారు?

ఇక అతని ప్రేమ. పాడ్‌కాస్ట్‌లో నన్ను పట్టేసిన సంగతి ఇదే. నాన్న ఉన్నప్పుడు ఆటలో మజా వేరు, తన కష్టాన్ని చూసి నాన్న గర్వపడుతుంటే ఆ గర్వాన్ని చూడటం తనకిష్టం అని అర్థం వచ్చేలా అన్నాడు. గమనించారా? వికెట్ పడటం ఒక ఆనందం. ఆ వికెట్‌కి నాన్న మొహం ఎలా వెలిగిందో చూడటం రెండో ఆనందం. 2020 అక్టోబరు 21న అబుదాబీలో కోల్‌కతా మీదే 4 ఓవర్లలో 8 పరుగులు, 3 వికెట్లు, రెండు మెయిడెన్లు (పరుగే ఇవ్వని ఓవర్లు). అది జరిగిన నెలకు ఆ రెండో ఆనందం పోయింది.

ఇప్పుడు విధేయత సంగతి. ఇంగ్లీషులో లాయల్టీ అనేస్తారు, మన దగ్గర ఆ మాటకి సరైన జోడీ లేదు. విధేయత అంటే తల వంచి నిలబడటం. విశ్వాసం అంటే కుక్కకు చెప్పేది. నాకు తెలిసి దగ్గరగా వచ్చేది ‘కట్టుబడటం’. సిరాజ్ దేనికి కట్టుబడ్డాడు? దేశానికి అని నేను హెడ్డింగ్ పెట్టాను. అతను చెప్పింది వేరు. కొడుకు దేశానికి ఆడి పేరు తేవాలన్నది నాన్న కోరిక. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కూడా నాన్న కల నెరవేర్చమనే చెప్పింది. ‘మియా, టెన్షన్ మత్ లే, గట్టిగా ఉండు, నువ్వు ఇండియాకు ఆడాలని మీ నాన్న కోరుకున్నారు’ అని కోహ్లి అన్నాడట. అంటే అతని ముందున్నవి ఒకవైపు నాన్న, ఒకవైపు దేశం అని రెండు దారులు కావు. ఉండిపోవడమే నాన్న దగ్గరికి వెళ్లే దారి. పైగా ముస్లింలు ఖననం ఆలస్యం చేయరు. విమానం పట్టుకుని వచ్చినా చివరిచూపు దక్కేదని నమ్మకం లేదు. వస్తే మళ్లీ వెళ్లి మళ్లీ క్వారంటైన్. మా హెడ్డింగ్‌లో ఇవేవీ పట్టవు. నాలుగు కాలమ్‌లే కదా.

1999 ప్రపంచకప్ మధ్యలో సచిన్ తండ్రి పోయారు. సచిన్ ఇంగ్లండ్ నుంచి ముంబయి వచ్చాడు, తండ్రిని సాగనంపి, మళ్లీ వెళ్లి మే 23న బ్రిస్టల్‌లో కెన్యా మీద 140 నాటౌట్ కొట్టాడు. 2006 డిసెంబరులో 18 ఏళ్ల కోహ్లి రంజీ మ్యాచ్‌లో రాత్రికి నాటౌట్‌గా ఇంటికెళ్లాడు. తెల్లారేలోపు తండ్రి పోయారు. పొద్దున్నే కోట్లా మైదానానికి వచ్చి ఇన్నింగ్స్ కొనసాగించి 90 చేశాడు, ఆ తర్వాతే అంత్యక్రియలకు వెళ్లాడు. ఒకరు ఇంటికొచ్చి తిరిగెళ్లారు. ఒకరు ఆడి ఇంటికెళ్లారు. ఒకరు రానేలేదు. మూడూ మూడు రకాల ఇళ్లు, మూడు రకాల తండ్రులు. మేం పత్రికలవాళ్లం మూడింటికీ ఒకే చొక్కా తొడిగాం. ‘దిగమింగి’.

దాని ఫలితం ఒకటి కళ్లారా చూశాను. తర్వాత ఏడాది మా ఆఫీసులో ఒక కుర్రాడి తండ్రి పోయారు. పది రోజులు సెలవడిగాడు. పెద్దాయన ఒకరు, పేరెందుకులెండి, ‘సిరాజ్‌ను చూసి నేర్చుకోవాలయ్యా’ అన్నారు. ఆ కుర్రాడు ఏమీ అనలేదు. నావైపు కూడా చూడలేదు. నేను మాత్రం కంప్యూటర్ స్క్రీన్‌లోకి తల దూర్చేశాను. ఎందుకంటే ఆయన చేతికి ఆ కర్ర అందించింది నేను.

మళ్లీ ఆస్ట్రేలియా వెళ్దాం. అడిలైడ్ టెస్టులో మన జట్టు 36 పరుగులకే కుప్పకూలింది, పేసర్ షమీకి చేతి గాయం. దాంతో డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో సిరాజ్‌కి టెస్టు క్యాప్ దక్కింది. మొదటి వికెట్ ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ లబుషేన్. ఆ టెస్టులో మొత్తం 5. జనవరి 7న సిడ్నీలో జనగణమన పాడుతుంటే కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. చేత్తో తుడుచుకున్నాడు, మళ్లీ వచ్చాయి. నాన్న గుర్తొచ్చారని, చూడటానికి ఆయన ఉంటే బాగుండేదనిపించిందని తర్వాత చెప్పాడు. ఆ ఫొటో ఏజెన్సీ నుంచి మా డెస్క్‌కి వచ్చినప్పుడు నేనే క్యాప్షన్ రాశాను. దిగమింగినవాడి కళ్లలోకి ఈ నీళ్లెక్కణ్నుంచి వచ్చాయి అని ఎందుకో అప్పుడు తోచలేదు.

ఆ సిడ్నీ టెస్టులోనే ప్రేక్షకులు కొందరు అతన్ని నోటికొచ్చినట్టు దూషించారు. నేరుగా అంపైర్ల దగ్గరికెళ్లి చెప్పాడు. ఆట ఆగింది, పోలీసులు కొందరిని స్టాండ్‌లోంచి బయటికి పంపారు. కావాలంటే మైదానం వదిలి వెళ్లొచ్చని అంపైర్లు అంటే, మేం తప్పు చేయలేదు, ఆడతాం అన్నాడు కోహ్లి లేనప్పుడు కెప్టెన్‌గా ఉన్న రహానే. ఇదీ సిరాజ్ చెప్పిందే. తనకు అయినదాన్ని బయటికి చెప్పడం అతనికి అలవాటు. బాధైనా అంతే, అవమానమైనా అంతే.

గబ్బా, అంటే బ్రిస్బేన్ మైదానంలో జరిగిన చివరి టెస్టు గురించి మీకు తెలుసు. అందరూ గాయాలపాలై, రెండే టెస్టుల అనుభవమున్న సిరాజ్ బౌలింగ్ దళానికి పెద్దదిక్కయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు, సిరీస్‌లో 13. తండ్రి పోయిన మర్నాడే ప్రాక్టీస్‌కి వెళ్తే, మీ నాన్న దువా (ప్రార్థన) నీతో ఉంది, ఐదు వికెట్లు తీస్తావని రవిశాస్త్రి అన్నారట. తీశాక ‘చెప్పానా లేదా’ అన్నారట. కోచ్‌లు ఇలాంటివి పదిమందికి చెబుతారు, ఒకరికి నిజమవుతుంది. అయినా ఆ ఒక్కరికీ అది చాలు.

కట్టుబడటం ఆటగాడి వైపు నుంచే ఉంటుందన్నది కూడా ఒప్పుకోవాలి. ఏడు సీజన్లు ఎర్ర జెర్సీ వేసుకున్న సిరాజ్‌ను 2024లో బెంగళూరు అట్టిపెట్టుకోలేదు. గుజరాత్ 12 కోట్ల 25 లక్షలకు కొంది. 2025 ఏప్రిల్ 2న అదే చిన్నస్వామిలో, అదే జట్టు మీద 19 పరుగులకు 3 వికెట్లు తీసి, ఏడేళ్లు ఇక్కడ ఆడాను కదా, భావోద్వేగానికి లోనయ్యానని చెప్పాడు. కోపం అనలేదు. అదే ఏడాది జులైలో పోర్చుగల్ ఫుట్‌బాలర్ డియోగో జోటా కారు ప్రమాదంలో పోయాడు. వారం తర్వాత లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఆటగాడు జేమీ స్మిత్‌ని ఔట్ చేసిన సిరాజ్ వేళ్లతో 20 అంకె చూపించాడు. అది జోటా జెర్సీ నంబరు. ఆకాశం వైపు చూశాడు. ఎప్పుడూ కలవని మనిషి కోసం, వేరే ఆట మనిషి కోసం.

2021 జనవరి 21. ఆస్ట్రేలియాలో సిరీస్ గెలిచి శంషాబాద్‌లో దిగాడు. ఐపీఎల్‌కని దుబాయ్ వెళ్లి, అట్నుంచటే ఆస్ట్రేలియా వెళ్లినవాడు, ఇల్లు చూసి దాదాపు ఐదారు నెలలు. అక్కణ్నుంచి ఇంటికి పోలేదు. నేరుగా ఖైరతాబాద్‌లో ఉన్న ఖబరస్తాన్‌కి వెళ్లాడు. కాసేపు నాన్న దగ్గర కూర్చున్నానని, మాట్లాడలేకపోయానని, పూలు పెట్టి వచ్చానని చెప్పాడు. తర్వాత ఇంటికెళ్తే అమ్మ ఏడ్చింది. కొడుకు ఎప్పుడొస్తాడా అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది.

ఆ కాపీ కూడా నా దగ్గరికే వచ్చింది. చాలాసేపు హెడ్డింగ్ తోచలేదు. పేజీ పంపాల్సిన టైమ్ అయిపోతోందని కింద నుంచి ఫోన్ వస్తుంటే ‘నాన్న దగ్గరికి సిరాజ్’ అని పెట్టి పంపేశాను.