దుకాన్ కబ్ ఖులేగీ?

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత అనే బట్టల మార్కెట్టుకు దగ్గర్లో ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. పక్కనే మూసి ఉన్న షట్టరు ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య సంచులు కింద పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాగపూర్ నుంచి చీరలు కొనడానికి వచ్చారట. కాసేపు చూసి ఆయన టీ కొట్టు కుర్రాణ్ణి అడిగాడు: "భయ్యా, యే దుకాన్ కబ్ ఖులేగీ?" ఈ షాపు ఎప్పుడు తీస్తారు బాబూ అని.

కుర్రాడికి ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. ఆ షాపు రోజూ పదిన్నరకు తీస్తారు. కానీ హిందీలో నోటికొచ్చిన మాట ఒక్కటే. "బంద్" అన్నాడు, చెయ్యి అడ్డంగా ఊపాడు. పాపం వాళ్లు ఇవాళ షాపు లేదనుకుని సంచులు చేతికి తీసుకున్నారు. నేను కల్పించుకుని "సాఢే దస్ బజే ఖులేగీ జీ" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. సంచి మళ్లీ కింద పెట్టి రెండు టీలు చెప్పింది.

కుర్రాడు అబద్ధమేం చెప్పలేదు. ఆ నిమిషానికి షాపు బందే. "బంద్" పక్కన పెట్టాల్సిన చిన్న మాట వాడికి తెలియదు, అంతే. ఆ చిన్న మాటల గురించే ఇవాళ మీతో మాట్లాడదామని వచ్చాను. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి. లేకపోయినా ఫరవాలేదు, నాతో పాటు పైకి అనండి చాలు.

మన ప్రాంతానికి హిందీ కొత్త కాదు. 1918లో గాంధీజీ మద్రాసులో దక్షిణ భారత హిందీ ప్రచార సభను మొదలుపెట్టారు. ఆ పనికి జీవితం ధారపోసిన మోటూరి సత్యనారాయణ గారు మన కృష్ణా జిల్లా దొండపాడులో పుట్టినవారు. ఆగ్రాలో కేంద్రీయ హిందీ సంస్థాన్ ఏర్పడటం వెనకా ఆయన కృషి ఉంది. సభవారి ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షల సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెల్లో దాచుకున్న ఇళ్లు విజయవాడ, గుంటూరుల్లో ఎన్నో. నేనూ ఆ పరీక్షలు రాసినదాన్నే. కబీర్ దోహాలకు అర్థాలు రాశాను, వ్యాసాలు రాశాను. షట్టరు ముందు నిలబడి ఏమని అడగాలో మాత్రం చాలా ఏళ్ల తర్వాత, అవసరం పడ్డాకే నేర్చుకున్నాను. ఇప్పుడు సాయంత్రాలు బట్టల షాపుల్లో పనిచేసే పిల్లలకు హిందీ చెబుతున్నప్పుడు మొదటి పాఠంగా దీన్నే చెబుతున్నాను.

ముందు రెండు మాటలు. అభీ అంటే ఇప్పుడు. ఆజ్ అంటే ఇవాళ. "అభీ బంద్ హై" అంటే ఇప్పటికి మూసి ఉంది, కాసేపు ఆగితే తీస్తారు. "ఆజ్ బంద్ హై" అంటే ఇవాళ్టికి లేదు, ఆగి లాభం లేదు. ఆ రోజు కుర్రాడు బంద్‌కి ముందు "అభీ" అని ఉంటే ఆ దంపతులు సంచులు ఎత్తేవాళ్లే కారు. పైకి అనండి. అభీ బంద్ హై. ఆజ్ బంద్ హై.

ఇప్పుడు మూడోది. "సోమ్‌వార్ కో బంద్ రహ్తీ హై." ఇక్కడ హై ముందు "రహ్తీ" చేరింది. తెలుగులో "షాపు మూసి ఉంది" అంటాం, "సోమవారం మూసి ఉంటుంది" అంటాం. ఉంది అంటే ఈ పూట సంగతి, ఉంటుంది అంటే వారంవారం జరిగే సంగతి. హిందీలో "హై" మన ఉంది, "రహ్తీ హై" మన ఉంటుంది. మన భాషలో ఉన్న తేడానే కాబట్టి ఒకసారి చెబితే పిల్లలు ఇక మరిచిపోవడం లేదు.

ఆ వాక్యంలో "కో" గమనించండి. మనం సోమవారం అని ఊరుకుంటాం. హిందీలో వారం పేరు తర్వాత కో రావాలి. సోమ్‌వార్ కో, మంగల్‌వార్ కో. చాలామంది "సోమ్‌వార్ మేఁ" అంటారు, అది వద్దు.

దుకాన్ హిందీలో స్త్రీలింగం. అందుకే రహ్తీ, ఖులేగీ. బాజార్ పుంలింగం, కాబట్టి రహ్తా, ఖులేగా. మనకు షాపైనా బజారైనా "అది" కదా, ఇక్కడే అందరికీ టెన్షన్. తీ అనాలో తా అనాలో తేలక నోరు మూసుకునేవాళ్లను ఎంతమందినో చూశాను. దయచేసి ఆగిపోకండి. తా బదులు తీ అన్నా ఎదుటివాళ్లకు సంగతి అర్థమవుతుంది. వింటూ ఉంటే అదే సర్దుకుంటుంది.

వారాల పేర్లు మనకు సగం వచ్చినట్టే. సోమ్‌వార్, మంగల్‌వార్, బుధ్‌వార్, గురువార్, శుక్రవార్, శనివార్, రవివార్. అయితే వీధిలో ఆదివారాన్ని ఎక్కువగా "ఇత్వార్" అంటారు. కొత్తగా వినిపిస్తుంది గానీ ఆదిత్యవారం నుంచి మన ఆదివారం వచ్చినట్టే ఇత్వార్ కూడా వచ్చింది. ఉర్దూ మాట్లాడేవాళ్లు శుక్రవారాన్ని జుమా అంటారు. గుంటూరు లాలాపేటలోనో ఇక్కడ వన్‌టౌన్‌లోనో శుక్రవారం మధ్యాహ్నం ఒక షాపు మూసి ఉండి, పక్కవాళ్లు "జుమా కే బాద్ ఖులేగీ" అన్నారంటే నమాజు అయ్యాక తీస్తారని. అరగంటో గంటో ఆగండి.

ఈ వారాలు తెలియకపోతే ఎంత నష్టమో ఢిల్లీ వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. అక్కడ ఒక్కో బజారుకు ఒక్కో సెలవు. చాందినీ చౌక్‌లో పెద్ద షాపులు చాలావరకు ఆదివారం తీయరు. కరోల్ బాగ్‌కు సోమవారం సెలవు. ఎర్రకోటా సోమవారమే మూసి ఉంటుంది. ఆగ్రా వెళితే తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. మూడు రోజుల ప్రయాణంలో ఆదివారం, సోమవారం రెండూ పడితే చూడండి. అందుకని బయల్దేరే ముందే ఫోన్‌లో ఒక్క ప్రశ్న అడగాలి. "ఆప్ కే యహాఁ ఛుట్టీ కిస్ దిన్ హోతీ హై?" మీ దగ్గర సెలవు ఏ రోజు? వాక్యం పొడుగనిపిస్తే "ఛుట్టీ కిస్ దిన్?" అన్నా చాలు.

ఛుట్టీ అన్న మాట నాకు చాలా ఇష్టం. ఛూట్నా అంటే విడివడటం, వదిలిపెట్టబడటం. మనమూ సాయంత్రం "బడి వదిలారు" అంటాం కదా, హిందీ పిల్లలు దాన్నే "ఛుట్టీ హో గయీ" అంటారు. ఇంకో మాట ఉంది, అది మనకూ సొంతమే. నాగా. "పనికి నాగా పెట్టాడు" అంటాం. హిందీలో "బినా నాగా" అంటే ఒక్కరోజూ మానకుండా అని. "యే దుకాన్ బినా నాగా ఖుల్తీ హై" అని విన్నారంటే ఆ షాపు ఏ రోజు వెళ్లినా తీసే ఉంటుంది.

ఇక టైము. పదిన్నర అంటే సాఢే దస్. పదింపావు అంటే సవా దస్. పావు తక్కువ పది అంటే పౌనే దస్. ఒంటిగంటన్నరకు, రెండున్నరకు మాత్రం సాఢే రాదు, డేఢ్ బజే, ఢాయీ బజే అంటారు. ఈ పౌనే దగ్గర నేనే దెబ్బతిన్నాను.

కొన్నేళ్ల కిందట ఢిల్లీలో మా మేనకోడలి ఇంటికి వెళ్లాను. పెళ్లి బట్టల కోసం ఒక షాపుకు ఫోన్ చేసి ఎంతవరకు ఉంటారని అడిగితే "పౌనే ఆఠ్ బజే తక్" అన్నారు. నా చెవికి అందులో పావు వినిపించింది. ఎనిమిదింపావు అనుకున్నాను. నిజానికి పావు తక్కువ ఎనిమిది. తీరిగ్గా ఎనిమిదికి అటూ ఇటుగా వెళ్లేసరికి షాపాయన షట్టరు సగం దించి ఉన్నాడు. నన్ను చూసి ఎంతో మర్యాదగా "బహన్‌జీ, హమ్ దుకాన్ బఢా రహే హైఁ" అన్నాడు. బఢానా అంటే పెంచడం, పెద్దది చేయడం అని నేను పరీక్షకు చదువుకున్నాను. షాపు పెద్దది చేస్తున్నారు కాబోలు, అందుకే షట్టరు దించారు, లోపల అమ్మకం నడుస్తూనే ఉంటుంది అనుకుని అక్కడే నిలబడ్డాను. మా మేనకోడలు నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది: "అత్తయ్యా, కట్టేస్తున్నామంటున్నారు."

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. బట్టలు కొనలేకపోయినందుకు కాదు, ఆ మాట అందానికి. అన్నం పెట్టే దుకాణాన్ని సాయంత్రం "బంద్ చేశాం" అనడానికి పాతకాలపు వ్యాపారులకు నోరు రాదు. అందుకని "బఢానా" అంటారు. దీపం ఆర్పడాన్నీ ఆర్పడం అనరు, "దీయా బఢానా" అంటారు. మన అమ్మమ్మలు డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయి అనేవారా? "నిండుకున్నాయి" అనేవారు. దీపం ఆరితే "కొండెక్కింది" అనేవారు. ఎక్కడి ఢిల్లీ, ఎక్కడి కృష్ణ ఒడ్డు! ఇంట్లో దీపం గురించీ బియ్యం గురించీ అశుభం పలకకూడదన్న తపన మాత్రం ఒక్కటే. హిందీ మన వంటింటికి ఇంత దగ్గరగా ఉందని నాకు ఆ షట్టరు ముందే తెలిసింది.

కాబట్టి రాత్రిపూట "దుకాన్ బఢా దీ" అని వింటే కట్టేశారని అర్థం. పొద్దున మళ్లీ తీస్తారు. "దుకాన్ బంద్ హో గయీ" అంటే మాత్రం ఒక ప్రశ్న వేయండి: "ఆజ్ కే లియే, యా హమేశా కే లియే?" ఇవాళ్టికా, శాశ్వతంగానా?

మిగిలిన ముఖ్యమైన మాట కల్. నిన్నకూ కల్ అనే అంటారు, రేపుకూ కల్ అనే అంటారు. మొన్నా ఎల్లుండీ రెండూ పర్సోఁ. ఇదేం భాషరా అనుకోవద్దు. చెవి వాక్యం చివర పెట్టండి. "కల్ బంద్ థీ" అంటే నిన్న మూసి ఉంది. "కల్ బంద్ రహేగీ" అంటే రేపు మూసి ఉంటుంది. థీ అంటే అయిపోయినది, గీ అంటే రాబోయేది. కల్ దగ్గరే కంగారుపడితే చివరి మాట జారిపోతుంది.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల పనిచేసే శ్రోతలకు ఒక వాక్యం ప్రత్యేకంగా చెబుతాను. యార్డుకు శని, ఆదివారాలు సెలవు. వేసవిలో ఇంకా ఎక్కువ రోజులే మూస్తారు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన లారీ డ్రైవరు శుక్రవారం రాత్రి చేరి, పొద్దున లోడు ఎత్తుతారని ఎదురుచూస్తుంటాడు. ఆయనతో ఇలా అనండి: "భాయ్ సాహబ్, శనివార్ ఔర్ ఇత్వార్ కో యార్డ్ బంద్ రహ్తా హై. సోమ్‌వార్ కో ఖులేగా." ఇంటికి దూరంగా ఉన్న మనిషి. రెండు రోజులు ఎక్కడ వండుకోవాలో, ఎక్కడ పడుకోవాలో ఆ ఒక్క మాటతో చూసుకుంటాడు. పిలుపు మరిచిపోకండి. భాయ్ సాహబ్, భయ్యా, బహన్‌జీ. "మీరు" అన్నట్టు ఆప్ అనండి, తుమ్ వద్దు. "ఆప్ కల్ ఆయియే" అంటే మీరు రేపు రండి.

బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకూ ఒకటి. "దూస్‌రే ఔర్ చౌథే శనివార్ కో బైంక్ బంద్ రహ్తా హై." 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు కదా.

ఆ టీ కొట్టు కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సోమవారమే వాడికి మూడు వాక్యాలు నేర్పాను. సుద్దముక్కతో కొట్టు చెక్క మీద తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. అభీ బంద్ హై. ఆజ్ బంద్ హై. సాఢే దస్ బజే ఖులేగీ. నిన్న మళ్లీ వెళితే కింద నాలుగోది కనిపించింది. వన్‌టౌన్‌కు సరుకు కోసం వచ్చిన ఒకాయన్ని అడిగి రాసుకున్నానండీ అన్నాడు. చదివి వినిపించమంటే గట్టిగా చదివాడు: "బైఠియే జీ, చాయ్ పీజియే, అభీ ఖులేగీ." కూర్చోండి, టీ తాగండి, ఇప్పుడే తీస్తారు అని.

నమస్కారం.