చెయిన్ ఫైర్: మంట పక్క గదికి పాకకుండా

అందరికీ నమస్కారం.

ఈ పూట బ్లాక్ పౌడర్‌తో, అంటే నల్లమందుతో పేలే క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ల గురించి, అందులోనూ ఒక్క ప్రమాదం గురించే మాట్లాడతాను. వీటిలో తిరిగే సిలిండర్‌లోని ఒక్కో గదిలో ముందునుంచి మందు పోసి సీసపు గుండు దింపుతారు; గది వెనక నిపుల్ అనే చిన్న గొట్టానికి, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే క్యాప్ తొడుగుతారు. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండే పేలాలి. అలా కాక, మంట పక్క గదుల్లోకి కూడా పాకి రెండు మూడు ఒకేసారి పేలడమే చెయిన్ ఫైర్. బ్యారెల్‌కి ఎదురుగా ఉండేది ఒక్క గదే. మిగతా వాటిలోంచి వచ్చే గుండు ఫ్రేమ్‌కో, గుండుని గదిలోకి దింపే లోడింగ్ లివర్‌కో తగులుతుంది, లేదంటే బ్యారెల్ పక్కనుంచి దూసుకుపోతుంది.

కాల్చేవాడి చేతులు సిలిండర్ వెనకే ఉంటాయి కనుక రివాల్వర్‌తో చాలాసార్లు బతికి బయటపడతారు. 1855 మోడల్ కోల్ట్ రివాల్వింగ్ రైఫిల్‌తో అలా కాదు. రైఫిల్‌ని పట్టుకునే రెండో చెయ్యి సిలిండర్‌కి ముందుండేది. చెయిన్ ఫైర్ అయితే గుండ్లు తగిలేది ఆ చేతికే. అమెరికా అంతర్యుద్ధంలో దాన్ని వాడిన సైనికులకి ఈ భయం ఉండేది. కాబట్టి ముందుగా చెప్పేదిదే: చేతిలో ఉన్నది ఏదైనా, సిలిండర్ ముందుకి మీ చెయ్యి పోకూడదు.

మంట ముందువైపు నుంచి పాకుతుందా, వెనకనుంచా అని కాల్చేవాళ్లలో ఎడతెగని వాదన ఉంది. రెండు దారులూ ఉన్నాయనే నా నమ్మకం. కానీ చాలామంది గుండు మీద గ్రీజు దట్టంగా పూసి, ఇక భయం లేదనుకుంటారు. అది వీధి తలుపుకి గడియపెట్టి పెరటి తలుపు తెరిచి పడుకోవడమే. పైగా వీధి తలుపుకి కూడా ఆ గడియ గట్టిది కాదు. మొదటి గుండు పేలగానే పక్క గదుల మీది గ్రీజు చెదిరిపోతుంది, ఎండకి కరిగి కారిపోతుంది. మసి గట్టిపడకుండా ఉండటానికి గ్రీజు పనికొస్తుంది, నిజమే. ఆ పనికైనా మందుకీ గుండుకీ మధ్య గ్రీజు పట్టించిన ఫెల్ట్ బిళ్ల పెట్టడం నాకు నచ్చిన పద్ధతి.

ముందువైపు అసలు కాపలా సీసపు గుండుదే. అది గది మూతికన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. 44 క్యాలిబర్‌కి మామూలుగా 0.451 లేదా 0.454 అంగుళాల గుండు, 36 క్యాలిబర్‌కి 0.375 లేదా 0.380 వాడతారు. లివర్‌తో దింపుతుంటే గది అంచు గుండుని చెక్కి, సన్నని సీసపు ఉంగరం ఒకటి పైకి వస్తుంది. దాన్ని ఊది పారేయకండి, చేతిలోకి తీసుకుని చూడండి. చుట్టూ తెగకుండా వస్తే గుండు గోడకి బిగిసిందని అర్థం. సగమే వచ్చిందా, రెండోవైపు సందు ఉండొచ్చు: గది గుండ్రంగా లేదు, లేదా పోతలో గుండుకి సొట్ట పడింది. క్యాప్‌లు పెట్టకముందే సిలిండర్ విప్పి ఆ గది ఖాళీ చేయాలి. దానికి క్యాప్ పెట్టకుండా వదిలేస్తే సరిపోదు, ముందునుంచి నిప్పు అందుకోగలదు. తర్వాత పెద్ద సైజు గుండుతో చూడండి. గది మూతి దగ్గర చిందిన మందు పలుకులు కూడా తుడిచేయాలి.

ఇక వెనకవైపు. క్యాప్ వదులుగా ఉంటే మొదటి దెబ్బ అదురుకే రాలిపోతుంది. నిపుల్ రంధ్రం తెరుచుకుని ఉంటే పక్కనుంచి ఎగిరే నిప్పురవ్వకి నేరుగా మందులోకి దారి. పదో నంబరు, పదకొండో నంబరు అని డబ్బా మీద ఉన్నా తయారీదారుని బట్టి కొలత మారుతుంది, మీ నిపుల్‌కి తొడిగి చూసుకోవలసిందే. వదులు క్యాప్‌ని వేళ్లతో నొక్కి కోడిగుడ్డు ఆకారం చేసి తొడగడం చాలామందికి అలవాటు. అలా చేస్తే రెండు చోట్ల పట్టుకుంటుంది, మిగతా రెండు చోట్లా సందే. దయచేసి ఆ అలవాటు మానండి. సరిపోయే క్యాప్ కొనండి, లేదా నిపుల్ మార్చండి. క్యాప్‌ని చివరిదాకా దింపడానికి చెక్క పుల్ల వాడండి, ఆ సమయంలో బ్యారెల్ గురివైపే ఉండాలి.

ఇన్ని చేసినా ఎప్పుడైనా చెయిన్ ఫైర్ అయితే, తుపాకిని తిప్పి మూతిలోకి చూడకండి. ఏ గదిలోనైనా మందు ఇంకా రాజుకుంటూ ఉండొచ్చు. గురివైపే పట్టుకుని ఒక నిమిషమైనా ఆగండి. తర్వాత పేలని గదుల క్యాప్‌లు తీసి, సిలిండర్ విప్పి ఖాళీ చేయండి. ఫ్రేమ్, లివర్, నిపుల్స్ ఏమైనా దెబ్బతిన్నాయేమో తెలిసిన మెకానిక్ చూసేదాకా అందులో మళ్లీ మందు పోయకూడదు.