లాంగ్వేజ్ స్కూల్లో ఈవెంట్ రోజు షిఫ్ట్ పెట్టుకోవచ్చా?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా?

గుంటూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, అక్టోబర్ బ్యాచ్‌లో టోక్యోలో జపనీస్ లాంగ్వేజ్ స్కూల్లో చేరుతున్నా. బ్రోచర్ నిండా తనబాత పండగ, కిమోనో, బస్సు ట్రిప్ ఫొటోలే. ఆ రోజుల్లో షిఫ్ట్ చేసుకుంటే నాలుగు డబ్బులొస్తాయి కదా, వెళ్లకపోతే ఏమైనా అంటారా?" అని. వచ్చిన కొత్తలో నేనూ అచ్చం ఇలాగే లెక్కేసుకున్నాను. రెండు ముక్కల్లో జవాబు రాసి వదిలేయబుద్ధి కాలేదు, అందుకే ఈ వీడియో.

ముందు రోజు ఎలా గడుస్తుందో చెప్తా. క్లాసు ఒక్క పూటే. 45 నిమిషాల పీరియడ్లు నాలుగు, పొద్దున బ్యాచ్ లేదా మధ్యాహ్నం బ్యాచ్. మిగతా టైమ్‌లో బైతో, అంటే పార్ట్‌టైమ్. ఇమిగ్రేషన్ వాళ్ల పర్మిషన్ తీసుకుని వారానికి 28 గంటల వరకు చేసుకోవచ్చు. కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్లో కొందరు, రాత్రిపూట బెంతో, అంటే భోజనం బాక్సులు సర్దే ఫ్యాక్టరీలో కొందరు. రాత్రి షిఫ్ట్ చేసి, పొద్దున్నే క్లాసులో కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. పోనీ మానేద్దామా అంటే హాజరు శాతం తగ్గుతుంది. వీసా పొడిగింపుకీ, తర్వాత కాలేజీలో సీటుకీ మొదట చూసేది దాన్నే. అందుకే తమ్ముడి లెక్క నాకు అర్థమైంది. తప్పు పట్టను.

ఇక క్లాసు సంగతి. మా క్లాసులో చైనా, నేపాల్, వియత్నాం, మయన్మార్, శ్రీలంక వాళ్లుండేవారు. బోర్డు మీద కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు రాయగానే చైనా వాళ్లకు అర్థం తెలిసిపోయేది, నాకు గుండె జారిపోయేది. కానీ వ్యాకరణం మొదలయ్యాక సీను మారింది. "వతాషి వ గక్కో ని ఇకిమసు". నేను, బడి, కి, వెళ్తాను. మాట వరస మనదే, "ని" అంటే మన "కి". "తబెతె" అంటే తిని, "మిరు" అంటే చూడు. "తబెతె మిరు" అంటే తిని చూడటం! ఇంగ్లీషులోంచి ఆలోచించే వాళ్లు వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి, మనకు ఆ బాధ లేదు. "ఒబసన్" అంటే అత్త, పిన్ని. "ఒబాసన్" అంటే అమ్మమ్మ. దీర్ఘం తేడా అంతే, మనం గుణింతాల్లో నేర్చుకున్నదే. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే స్టాంపు. ద్విత్వం మనకు కొత్తా? ఇంకోటి వినండి. వాళ్ల అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. "స" చోట చ, "హ" చోట ప పెట్టి చదవండి, మన వర్ణమాల వరసే. బౌద్ధ భిక్షువులు సంస్కృతం చదువుకోవడం వల్ల ఆ క్రమం జపాన్ చేరింది. ఇది మొదటిసారి తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

సరే, ఈవెంట్ల దగ్గరికి వద్దాం. మొదటి బస్సు ట్రిప్‌కి నేను వెళ్లలేదు, షిఫ్ట్ పెట్టుకున్నా. మర్నాడు క్లాసులో సకుబున్, అంటే వ్యాసం. టాపిక్ ఏంటి? నిన్నటి ట్రిప్. అందరూ "పడవెక్కాం, వాన పడింది, గొడుగు మర్చిపోయాను" అని రాస్తూనే ఉన్నారు. నా కాగితం ఖాళీ. టీచర్ నన్నేమీ అనలేదు. పక్కవాళ్లు నవ్వుకుంటున్న మాటలు నాకు అర్థం కాలేదు, అదీ నన్ను పొడిచింది.

అందుకే జూలై 7న తనబాతకి వెళ్లాను. కథ చెప్తా వినండి. ఒరిహిమె ఆకాశ రాజు కూతురు, బట్టలు నేస్తుంది. హికొబోషి ఆవులు కాస్తాడు. పెళ్లయ్యాక ఒకరి లోకంలో ఒకరు పడి పని మానేశారు. రాజుకి కోపమొచ్చి ఇద్దరినీ ఏటికి చెరో ఒడ్డున పెట్టాడు. ఏడాదికి ఒక్క రాత్రే కలుస్తారు, ఆ రాత్రి వాన పడితే అదీ లేదు. ఆ ఏరు పేరు అమనొగవ, ఆకాశపు ఏరు. అంటే మన ఆకాశగంగ, పాలపుంత! ఆ అమ్మాయి నక్షత్రం మన అభిజిత్తు, అబ్బాయిది మన శ్రవణం. ఇంచుమించు అదే రోజుల్లో మన ఊళ్లలో ఆషాఢమని కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపిస్తారు. ఈ మాట వచ్చీరాని జపనీస్‌లో టీచర్‌కి చెబితే, ఆవిడ చేతిలో పని ఆపి విన్నారు.

తర్వాత తలా ఒక రంగు కాగితం ఇచ్చారు, దాన్ని తన్‌జకు అంటారు. కోరిక రాసి వెదురు కొమ్మకి కట్టాలి. నేను అమ్మ మోకాలి నొప్పి తగ్గాలని రాశాను: "హహ నో హిజ గ యొకు నరిమసు యోఉని". ఈ "యోఉని" ఆ వారమే నేర్పిన గ్రామర్. పుస్తకంలో నాలుగు సార్లు చదివినా తలకెక్కలేదు. కాగితం మీద పెన్ను పెట్టగానే వెలిగింది, ఇది మన "లా". అమ్మలా, తగ్గేలా, పాసయ్యేలా. అన్నిటికీ ఒకటే. టీచర్ చదివి "అమ్మగారికి ఏ కాలు? మెట్లు ఎక్కగలరా?" అని అడిగారు. మెట్లకు "కైదాన్" అంటారని అప్పుడు తెలిసింది. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. పుస్తకం లేకుండా ఒక జపనీస్ మనిషితో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

అన్ని ఈవెంట్లూ ఇలాగే ఉంటాయని చెప్పను. కిమోనో రోజు గంటసేపు లైన్లో నిలబడి అయిదు నిమిషాలు ఫొటో దిగి వచ్చాం, అందులో నాకు భాష ఏమీ దొరకలేదు. భూకంపం డ్రిల్ మాత్రం ఎవ్వరూ ఎగ్గొట్టొద్దు. ఊగే గది ఉన్న ట్రక్కు తెచ్చి, అందులో కూర్చోబెట్టి కుదుపుతారు. బల్ల కింద దూరడం, 119కి, అంటే ఫైర్, అంబులెన్స్ నంబర్‌కి ఫోన్ చేసి అడ్రస్ చెప్పడం అక్కడే నేర్పుతారు. స్పీచ్ కాంటెస్ట్‌కి పేరివ్వండి. గుండె దడదడ కొట్టుకోవడాన్ని వాళ్లు "దోకిదోకి" అంటారు, ఆ మాట నాకు స్టేజీ మెట్ల మీదే ఒంటబట్టింది.

తమ్ముడూ, నువ్వు అక్టోబర్‌లో చేరితే నీకు తనబాత వచ్చే జూలైలోనే. దానికంటే ముందు సెత్సుబున్ వస్తుంది, మామూలుగా ఫిబ్రవరి 3న. ఎవరో ఒకరు ఎర్ర మొహం బొమ్మ పెట్టుకుని రాక్షసుడిలా వస్తారు, వేయించిన సోయా గింజలు అతని మీదికి విసురుతూ "ఒని వ సొతొ, ఫుకు వ ఉచి" అని అరవాలి. దెయ్యం బయటికి, అదృష్టం ఇంట్లోకి. మనం దిష్టి తీసి పారేసినట్టే అనుకో. తర్వాత ఎన్నేళ్లుంటే అన్ని గింజలు తినాలి. మీ మేనేజర్‌కి జనవరిలోనే చెప్పి ఆ పూట సెలవు అడుగు. ఎలా అడగాలంటే, "యసున్‌దె మొ ఈ దెసు క". సెలవు పెట్టి కూడా బాగేనా, అంటే పెట్టుకోవచ్చా అని. చూశావా, "మొ" మన "కూడా"నే.