5జీకి మారాలా, వద్దా: మన ఇళ్లలో జరిగే లెక్క

శ్రోతలకు నమస్కారం.

"5జీ వచ్చి ఇన్నేళ్లయింది, ఇంకా ఈ పాత ఫోనేనా?" అని పిల్లలు అంటే ఇంట్లో పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. కొత్తదంటే వీళ్లకి భయమని, టెక్నాలజీ తెలియదని ఒక ముద్ర వేసేశాం. అది అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది. నెట్‌వర్క్ మారే ముందు మనవాళ్లు లెక్క చూసుకుంటారు. ఆ లెక్క కుదిరితే ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లే పరుగెత్తుతారు.

2016 గుర్తు చేసుకోండి. అప్పట్లో ఒక జీబీ డేటా కావాలంటే దాదాపు 250 రూపాయలు. 3జీ అప్పటికి ఐదారేళ్లుగా ఉంది. అయినా డబ్బులు అయిపోతాయని మొబైల్ డేటా ఆపేసి ఫోన్ జేబులో పెట్టుకునేవాళ్లం. సెప్టెంబరు 5న జియో 4జీ మొదలైంది. కాల్స్ ఉచితం, మరుసటి ఏడాది మార్చి ఆఖరు దాకా డేటా కూడా ఉచితం. 170 రోజుల్లో పది కోట్ల మంది చేరారు. వాళ్లలో చాలామందికి 4జీ అంటే ఏమిటో తెలియదు. కువైట్‌లో పనికెళ్లిన కూతురు వీడియో కాల్‌లో కనిపిస్తుందని తెలుసు, అది చాలు. వృద్ధులు కూడా సిమ్ కోసం షాపుల ముందు క్యూ కట్టారు. కొత్తంటే భయం ఉన్నవాళ్లు చేసే పనేనా అది?

ఇక 5జీ సంగతి. 2022 అక్టోబరు 1న ఢిల్లీలో ప్రారంభించారు. ఎయిర్‌టెల్ మొదటి విడత నగరాల్లోనే హైదరాబాద్ ఉంది. అదే ఏడాది డిసెంబరు 26న జియో 5జీ తిరుమల, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరులకు వచ్చింది. సిమ్ కూడా మార్చక్కర్లేదన్నారు. మరి 2016 నాటి హడావుడి ఎందుకు లేదు? 5జీ వల్ల కొత్తగా జరిగే పని ఏదీ సామాన్యుడికి కనపడలేదు. యూట్యూబ్ 4జీలోనే వస్తోంది. ఫోన్‌పేలో కూరగాయల డబ్బులు పంపడానికి డేటా ఎంతో అక్కర్లేదు, ఆ లావాదేవీ ఆగిందంటే చాలాసార్లు కారణం బ్యాంకు సర్వరు.

పైగా ముందుగా ఆశపడ్డవాళ్లకు దెబ్బ తగిలింది. మన దేశంలో 5జీ ఫోన్ల అమ్మకం 2020 ఫిబ్రవరిలోనే మొదలైంది. సిగ్నల్ వచ్చింది రెండున్నరేళ్ల తర్వాత. లేని సేవ కోసం ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లు ఆ రెండున్నరేళ్లూ 4జీయే వాడుకున్నారు. తీరా 5జీ వచ్చాక కూడా కొన్ని ఫోన్లలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చేదాకా పని చేయలేదు. ఖరీదైన ఐఫోన్లకు సైతం ఆ డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంకో మాట తరచూ వినపడుతుంది: "5జీ పెడితే ఛార్జింగ్ నిలవట్లేదండీ, తీసేశా." ఇది అపోహ కాదు. 5జీకి ఎక్కువగా వాడుతున్నది 3300 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు. వేగం బాగా ఇస్తాయి, గోడలు దాటడం మాత్రం వాటికి కష్టం. 700 మెగాహెర్ట్జ్ తరంగాలైతే దూరం వెళ్తాయి, గోడలూ దాటతాయి, కానీ 2022 వేలంలో వాటిని కొన్నది జియో ఒక్కటే. అందుకని వసారాలో 5జీ అని చూపించిన ఫోన్, వంటింట్లోకి వెళ్లగానే 4జీ అంటుంది. అన్నం వార్చి మళ్లీ బయటికొస్తే 5జీ. ఇలా సిగ్నల్ వెతుక్కుంటూ, అటూ ఇటూ మారుతూ ఉంటే బ్యాటరీ తగ్గుతుంది, ఫోన్ వేడెక్కుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 4జీకి మార్చుకున్నవాళ్లు తెలివిగానే చేశారు.

భయాల ప్రచారం కూడా జరిగింది, కాదనను. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు 5జీ టవర్ల వల్లే జనం చనిపోతున్నారని వాట్సాప్‌లో తిప్పారు. అప్పటికి దేశంలో 5జీ నెట్‌వర్కే లేదు. టెలికం శాఖ ఆ మాట ప్రకటనలో చెప్పాల్సి వచ్చింది.

అసలు పరీక్ష 2024 జూలైలో జరిగింది. ప్రైవేటు కంపెనీలు రీచార్జ్ ధరలు పెంచాయి. అంతకుముందు జియోలో 239 రూపాయల ప్లాన్‌తోనే అపరిమిత 5జీ వచ్చేది. పెంపు తర్వాత రోజుకు 2 జీబీ ఇచ్చే ప్లాన్లకే దాన్ని పరిమితం చేశారు, నెలవారీ ప్లాన్ అయితే 349. అప్పుడు జనం ఏం చేశారో చూడండి. ఆ ఒక్క నెలలో బీఎస్ఎన్ఎల్‌లో దాదాపు 29 లక్షల మంది చేరారు. అప్పటికి దానికి చాలాచోట్ల 4జీ కూడా సరిగా లేదు. వేగం తగ్గినా పర్వాలేదు, నెల ఖర్చు తగ్గాలి అనుకున్నారు. ఆ ఏడాది నవంబరుకల్లా మళ్లీ చందాదారులు తగ్గడం మొదలైంది. చవక అయినా సిగ్నల్ అందకపోతే ఎవరుంటారు? ఈ రెండు కదలికల్లోనూ నాకు కనపడేది ఒకటే మనిషి, జేబునీ అవసరాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే మనిషి.

మా వీధి చివరి సెల్ షాపులో ఒక పెద్దావిడ బటన్ ఫోన్ చేతిలో పెట్టుకుని అడుగుతోంది: "నాకు ఫోనొస్తే చాలు బాబూ, ఈ నెట్టు నాకెందుకు?" ఆ కుర్రాడు, "డేటా లేకుండా రాదు అమ్మమ్మా, అన్నీ కలిపే ఉంటాయి" అని మామూలు ప్లాన్ వేసేశాడు. అతను కావాలని మోసం చేశాడని నేననను. అతనికీ తెలిసుండదు. కానీ ఆవిడ అడిగినది న్యాయం. టెలికం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆ సంగతే నిబంధనగా పెట్టింది. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే రీచార్జ్ ఇచ్చి తీరాలని కంపెనీలకు చెప్పింది. అలాంటి ప్యాక్‌ల గడువు 365 రోజుల దాకా ఉండొచ్చంది. 2025 జనవరి నుంచి కంపెనీలు వాటిని అమ్ముతున్నాయి.

మీలో ఎవరైనా 5జీ ఫోన్ కొనాలనుకుంటే, ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోన్‌ని తెలిసినవాళ్ల దగ్గర తీసుకుని మీ ఇంట్లో, మీరు ఎక్కువసేపు కూర్చునే గదిలో పెట్టి చూడండి. వీధిలో ఎంత వస్తుందన్నది తర్వాత. కేబుల్ రాని ఊళ్లో ఉండి, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకో ఇంటి నుంచి ఉద్యోగానికో ఇంటర్నెట్ కావాలంటే కేబుల్ లేకుండా 5జీ సిగ్నల్‌తోనే ఇంటికి వైఫై ఇచ్చే ఎయిర్‌ఫైబర్ లాంటివి నిజంగా పనికొస్తాయి. అక్కడ ఖర్చుకి వెనకాడకండి. ఇంట్లో బటన్ ఫోన్ వాడే అమ్మమ్మో తాతయ్యో ఉంటే మాత్రం, ఈసారి రీచార్జ్ చేయించేటప్పుడు డేటా లేని వాయిస్ ప్యాక్ కావాలని పేరు పెట్టి అడగండి. షాపులో లేదంటే కంపెనీ యాప్‌లో వెతకండి, ఉంటుంది.